ఆనపపాదు నులితీగలు కత్తిరించెయ్యాలా, ఉంచాలా?

డాబాతోట, ఎంవీపీ కాలనీ

అందరికీ నమస్కారం. మాది మూడో అంతస్తు డాబా. సముద్రం దగ్గరే, మధ్యాహ్నం దాటిందంటే గాలి ఆగదు. గ్రో బ్యాగులో వేసిన ఆనపపాదు ఇప్పుడిప్పుడే ఊపందుకుంది. లావుపాటి పీవీసీ గొట్టాలతో పందిరి వేయించాం. పట్టు కోసం పాదు చాచే సన్నటి నులితీగలు మాత్రం ఆ గొట్టాల జోలికే పోవట్లేదు. బట్టల తాడుని, కొళాయికి కట్టిన పురికొసని, ఆఖరికి సొంత ఆకుకాడని కూడా పట్టుకుంటున్నాయి.

ఎదురింటి బాబాయిగారు "అవి ఉత్త దండగ, బలం లాగేస్తాయి, కత్తిరించి పారెయ్యమ్మా, కాయ దిగుతుంది" అంటున్నారు. నాకు చెయ్యి రావట్లేదు. తాడుని పట్టుకున్న నులితీగ ఒకదాన్ని దగ్గరగా చూశాను. పాదు వైపు నుంచి కొంతదూరం మెలికలన్నీ ఒక దిశలో ఉన్నాయి. మధ్యలో చిన్న తిన్నని ముక్క. అక్కణ్ణుంచి తాడు దాకా మెలికలన్నీ ఎదురు దిశలో! పట్టు దొరికిన ప్రతి నులితీగా ఇలాగే ఉంది. ఎందుకలా? అసలు కత్తిరించాలా వద్దా?

కీరదోస రైతు, ఆనందపురం

మీ బాబాయిగారి మాట మరీ తీసిపారేసేది కాదమ్మా. షేడ్‌నెట్‌లో కీరదోస వేసినప్పుడు మేమూ గిల్లేస్తాం. అక్కడ ఒక్కో తీగనీ పురికొసకి చుట్టి, క్లిప్పు పెట్టి మేమే నిలబెడతాం. నులితీగతో పనేముంది? పైగా పిందెనో పక్క మొక్కనో చుట్టేసిందంటే కోతప్పుడు చిరాకు. కానీ నెట్ లోపల గాలుండదు, రోజూ మనిషి తిరుగుతాడు. డాబా మీద ఆ లెక్క కుదరదు.

వృక్షశాస్త్రం మాస్టారు, పెదవాల్తేరు

కత్తిరించకండమ్మా. ఆ గాలిలో మీ పాదుని కాపాడుతున్నవే అవి. నేను చాలా ఏళ్ళు ఇదే పాఠం చెప్పాను, ఇప్పటికీ ఇష్టం తీరలేదు.

ముందు మెలిక సంగతి. లేత నులితీగ కొస ఊరికే ఉండదు, గాలిలో మెల్లగా గుండ్రంగా తిరుగుతూ పట్టు వెతుక్కుంటుంది. పుల్ల తగిలితే తగిలిన వైపు పెరుగుదల మందగిస్తుంది, ఎదురు వైపు జోరందుకుంటుంది. దాంతో వంగి చుట్టుకుంటుంది. కృష్ణకమలం జాతిలో ఒకదాని నులితీగని తాకితే 25 సెకన్లలోనే కదలిక కనిపించిందని డార్విన్ రాశాడు. వాన చినుకు పడితే మాత్రం అది చలించదు. కాసేపు తాకి వదిలేస్తే వంగినది మళ్ళీ తిన్నగా అవుతుంది.

కొసకి పట్టు దొరికాక మిగతా భాగం మెలితిరగడం మొదలుపెడుతుంది. అప్పటికే ఒక కొస పాదుకి, రెండో కొస తాడుకి బిగిసి ఉన్నాయి, ఏదీ తిరగలేదు. రిబ్బను రెండు కొసలూ పట్టుకుని ఆలోచించండి. ఒక వైపు మెలిక పడాలంటే ఎదురు వైపూ అంత మెలికా పడాల్సిందే. అందుకే మధ్యలో దిశ మారుతుంది. లెక్కపెట్టి చూడండి, రెండు వైపులా మెలికలు దాదాపు సమానంగా ఉంటాయి. పట్టు దొరకని నులితీగనీ చూడండి, కొస ఖాళీగా ఉంటుంది కాబట్టి మొత్తం ఒకే దిశలో చుట్టుకుపోయి ఎండిపోతుంది.

ఈ మెలిక పాదుని తాడు దగ్గరికి లాగుతుంది. అంతకన్నా ముఖ్యం, గాలి లాగినప్పుడు సాగి మళ్ళీ ముడుచుకుంటుంది. డార్విన్ ఒకటికి రెండుసార్లు ఈదురుగాలిలో కావాలని బయటికెళ్ళి కంచె మీది బ్రయోనీ తీగని గమనించాడు. అది మన ఆనప, దోస కుటుంబానిదే. కొమ్మలు ఎగిసిపడుతున్నా నులితీగలు తెగలేదు. రెండు లంగర్లు దించి, పొడుగాటి గొలుసు వదిలి తుఫానుని కాచుకునే ఓడలా ఉందన్నాడు. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌ తుఫానుని చూసిన మన విశాఖకి ఆ మాట విడమర్చి చెప్పక్కర్లేదు.

2012లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు కీరదోస నులితీగ లోపల సన్నటి నారపట్టీ ఉందని చూపించారు. దాని రెండు పొరల్లో ఒకటి ఎక్కువ ముడుచుకుంటుంది, మెలిక పడేది అందుకే. ముదిరిన నులితీగని లాగితే వెంటనే విప్పుకోదు, మొదట ఇంకా కొన్ని మెలికలు వేసుకుంటుంది! చిన్న గాలికి మెత్తగా లొంగుతూ, పెద్ద గాలికి గట్టిగా బిగుస్తుందన్నమాట. నాకు ఇంతకన్నా ముచ్చటైన పనితనం మొక్కల్లో కనిపించలేదు.

గొట్టాల సంగతంటారా, లావుగా నున్నగా ఉన్నదాన్ని నులితీగ చుట్టలేదు. గొట్టాల మధ్య పురికొస అల్లండి.

డాబాతోట, ఎంవీపీ కాలనీ

చాలా థాంక్సండీ మాస్టారూ! ఇప్పుడే డాబా మీదకెళ్ళి లెక్కపెట్టాను, ఒకవైపు ఎనిమిది, ఇంకోవైపు ఏడు. చిక్కుడు, బచ్చలి కూడా వేద్దామనుకుంటున్నాం. వాటికీ పురికొసేనా?

వృక్షశాస్త్రం మాస్టారు, పెదవాల్తేరు

వాటికి నులితీగలే ఉండవమ్మా, కాండమే చుట్టుకుంటూ పైకెళ్తుంది. గరుకుగా, నిలువుగా ఉన్న వెదురు కర్ర ఇస్తే చాలు. కాకరకి, దొండకి, బీరకి మాత్రం పురికొసే. కాకరకీ దొండకీ నులితీగ ఒంటిది, మీ ఆనపకి రెండుగా చీలుతుంది, బీరకి ఇంకా ఎక్కువ చీలికలు.

కీరదోస రైతు, ఆనందపురం

ఒక్క మాట. పాత చేపల వల కట్టమని ఎవరైనా చెబితే కన్ను పెద్దగా ఉన్నదే తీసుకోండి, చిన్న కన్నులో పిట్టలు చిక్కుకుంటాయి. కాపు అయ్యాక ఎండిన నులితీగలు నైలాను నుంచి ఊడదీయడం ఒక పూట పని. జనపనార పురికొస అయితే పాదుతో సహా కోసి ఎరువు గుంతలో పడెయ్యొచ్చు.