అప్‌డేట్: వెనక సీట్లో పాపకు కాలు విరిగింది, క్లెయిమ్ ఎవరి మీద?

ఢీకొన్న రెండు కార్ల డ్రైవర్లదీ తప్పైతే పాప పరిహారం తగ్గుతుందా అని అడిగాను కదండీ. తగ్గదు. బండి నడిపింది తండ్రే అయినా ఆ తప్పు పాపకు అంటదు. ఇద్దరిలో ఎవరి నుంచైనా పూర్తి మొత్తం అడగొచ్చని 2015లో ఖెన్యే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సొంత కారుకు థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే లోపల కూర్చున్నవాళ్లకు మామూలుగా కవర్ రాదు, కాబట్టి ఎదుటి కారు ఇన్సూరెన్స్ కంపెనీని తప్పక చేర్చాలి.

తండ్రి ప్రతివాది అవుతాడు గనక మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166 కింద పరిహారం పిటిషన్ పాప తరఫున తల్లి వేయడమే మంచిది. చట్టంలో గడువు 6 నెలలే, చికిత్స అయ్యేదాకా ఆగొద్దు.

అసలు దెబ్బ తగిలేది వైకల్యం సర్టిఫికెట్ దగ్గర. ‘కుడి కాలికి 30%’ అని మాత్రమే రాస్తే, మొత్తం శరీరానికి అంత లేదని కంపెనీ లాయరు వాదిస్తాడు. డాక్టరు చేత కాలికి ఎంత శాతం, మొత్తం శరీరానికి ఎంత శాతం అని రెండూ విడివిడిగా రాయించండి. పిల్లల వైకల్యం మొత్తం శరీరానికి 10% లోపైతే 1 లక్ష, 10 దాటి 30 వరకు 3 లక్షలు అని 2013 మల్లికార్జున్ తీర్పులో సుప్రీంకోర్టు లెక్క పెట్టింది. వైద్యం, తోడు ఉన్న మనిషి ఖర్చులు దీనికి అదనం, బిల్లులన్నీ దాచండి.

డబ్బు సాధారణంగా 18 ఏళ్లు నిండేదాకా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచుతారు. మధ్యలో ఆపరేషన్ వస్తే ఈ కేసు వినే ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టి తీసుకోవచ్చు.