61 ఏళ్లకు పరుగు మొదలుపెట్టా, పిక్కలు పట్టేస్తున్నాయి

రిటైరయ్యాక నెల్లాళ్లుగా విశాఖ ఆర్కే బీచ్‌లో పరిగెడుతున్నా. కాళీమాత గుడి దగ్గర బయల్దేరితే సబ్‌మెరైన్ మ్యూజియం వచ్చేసరికి రొప్పు. మరుసటి రోజు పిక్కలు రాళ్లే. బూట్లు మా అబ్బాయివి, ఓ సైజు పెద్దవి, ముందు పేపరు కుక్కా. "కుక్క తరుముతోందా?" అంటుంది మా ఆవిడ. మానేయనా?

జవాబు 1: మానకండి, ముందు ఆ పేపరు తీసి పారేయండి సార్! సాయంత్రం పూట కొలిచి కొత్తవి కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బుతుంది. నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. పక్కవాళ్లతో మాట్లాడగలిగే వేగం చాలు. రోజు విడిచి రోజు.

జవాబు 2: బాబాయ్ గారూ, బీపీ, షుగర్ ఉంటే ముందు డాక్టరుకు చూపించుకోండి. ఛాతీలో బరువుగా అనిపిస్తే ఆగిపోవాలి, పంతం వద్దు. వయసంటారా, ఫౌజా సింగ్ 2000లో లండన్ మారథాన్ పరిగెత్తినప్పుడు ఆయనకు 89.

జవాబు 3: ఇసుకలో పరిగెడుతున్నారా, రోడ్డు మీదా? మెత్తటి ఇసుకలో మడమ దిగబడి పిక్కలు మరీ లాగేస్తాయి.

అడిగినవారు: ఇసుకలోనేనండీ! మోకాళ్లకు మెత్తగా ఉంటుందని అనుకున్నా. రేపట్నుంచి రోడ్డే. బూట్లు ఆదివారం. మా ఆవిడా వస్తానంటోంది, నడవడానికట.