ఇంటి సెన్సార్లకు వైఫై చాలదా, జిగ్బీ తప్పదా?

గోదారిగట్టు:
మాది రాజమండ్రిలో రెండంతస్తుల పాత ఇల్లు. గోడలు తొలిచి వైర్లు లాగడానికి ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. సెన్సార్లన్నిటినీ ఒకచోట చూసుకునే హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్, రాస్‌ప్బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద నడుస్తోంది. తలుపులకు, మెట్ల దగ్గర కదలికకు, వంటింట్లో గ్యాస్‌కు, మేడ మీద ట్యాంకుకు సెన్సార్లు పెట్టాలి. రౌటర్ ఎలాగూ ఉంది, జిగ్బీ అనే తక్కువ కరెంటు వైర్‌లెస్ పద్ధతి జోలికి పోకుండా అన్నీ వైఫైవే కొంటే ఏం నష్టం?

కరెంటోడు:
తలుపులకు వైఫై వద్దండి. తలుపు తీసినప్పుడల్లా చిప్ నిద్రలేచి, రౌటర్‌ని పట్టుకుని కబురు పంపాలి. అంతసేపూ పదుల మిల్లీఆంపియర్లు, ఒక్కోసారి వంద దాటి లాగుతుంది. బటన్ సెల్ దానికి తట్టుకోలేదు. జిగ్బీ సెన్సార్ సీఆర్2032 బటన్ సెల్‌తో మామూలుగా ఏడాది పైనే నడుస్తుంది.

ఈఎస్‌పీ అభిమాని:
బ్యాటరీ ఒక్కటేనా లెక్క? ఈఎస్‌పీ8266 అనే వైఫై చిప్ ఉన్న బోర్డు కొన్ని వందల్లో వస్తుంది, దానిలో ఈఎస్‌పీహోమ్ ప్రోగ్రామ్ ఎక్కిస్తే బయటి కంపెనీ సర్వర్ల (క్లౌడ్) గొడవే లేదు. జిగ్బీ అంటే ముందు కంప్యూటర్‌కి గుచ్చే జిగ్బీ రేడియో (డాంగిల్), తర్వాత సిగ్నల్ అందించే ప్లగ్గులు కొనాలి. కరెంటు పోయిందా, ఆ ప్లగ్గులన్నీ ఆరిపోతాయి, వాటి వెనకున్న సెన్సార్లు మూగబోతాయి. దొంగ కరెంటు వచ్చేదాకా ఆగుతాడా?

కరెంటోడు:
మరి మీ వైఫై రౌటర్ దేని మీద వెలుగుతుంది బాబూ? ఇద్దరికీ ఇన్వర్టరే దిక్కు. గీజర్, ఏసీ పాయింట్లు సాధారణంగా ఇన్వర్టర్ లైన్‌లో ఉండవు కాబట్టి ప్లగ్గులు అక్కడ పెట్టకూడదు, అంతే. స్మార్ట్ బల్బుల్ని కూడా నమ్ముకోవద్దు, అమ్మ గోడ స్విచ్ ఆపేస్తే ఆ దారి తెగినట్టే. డాంగిల్‌ని మాత్రం యూఎస్‌బీ 3.0 పోర్టులో నేరుగా గుచ్చకండి. ఆ పోర్టు నుంచి వచ్చే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే, జిగ్బీ నడిచేదీ అక్కడే. మీటరు పొడవు ఎక్స్‌టెన్షన్ కేబుల్ చాలు. ఒకదానికొకటి అడ్డురాకుండా, వైఫై ఛానల్ 1లో ఉంటే జిగ్బీని 25లో పెట్టండి.

మేడమీద ట్యాంక్:
ఇద్దరూ తలుపు దగ్గరే ఆగిపోయారు. ఇనుప చువ్వల స్లాబు దాటి 2.4 గిగాహెర్ట్జ్ రావడం కష్టం. ట్యాంకులో ఫ్లోట్ స్విచ్ (నీటి మట్టంతో తేలుతూ ఆన్, ఆఫ్ అయ్యేది) వేసి, నీళ్ల పైపు వెంబడి బయటి నుంచే రెండు తీగలు దించండి, గోడ తొలిచే పని లేదు. గ్యాస్ సెన్సార్లలో ఎక్కువ రకాలకు లోపల హీటర్ ఎప్పుడూ వేడిగా ఉండాలి, సెల్ పనికిరాదు. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు కాబట్టి నేలకు దగ్గరగా బిగించాలి. పైగా అది తనంతట తానే కూత పెట్టేదై ఉండాలి. హబ్ (మీ రాస్‌ప్బెర్రీ పై) చెబితేనే మోగే అలారం గ్యాస్‌కి కొనడం నా దృష్టిలో పిచ్చితనం.

ఈఎస్‌పీ అభిమాని:
చూశారా! గ్యాస్‌కి ప్లగ్ పాయింటు ఉంది, ట్యాంకు తీగలు దిగేచోటా ఉంటుంది. ఆ రెండూ వైఫైకే. మెట్ల దగ్గరా సాకెట్ ఉంటే అదీ నాదే.

గోదారిగట్టు:
తలుపులకు జిగ్బీ ఖాయం చేస్తున్నా. మెట్ల సంగతి మీరిద్దరూ తేల్చండి. అన్నట్టు, అమెరికా నుంచి బావగారు జడ్-వేవ్ (జిగ్బీ లాంటిదే ఇంకో వైర్‌లెస్ పద్ధతి) సెన్సార్లు తెస్తానంటున్నారు, తెమ్మనమంటారా?

కరెంటోడు:
వద్దనండి. అక్కడివి 908 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి, మన దేశంలో జడ్-వేవ్‌కి 865. ఇక్కడి హబ్‌తో అవి కలవవు, ఆ ఫ్రీక్వెన్సీ లైసెన్సు లేకుండా ఇక్కడ వాడకూడదు కూడా. బావగారిని చాక్లెట్లు తెమ్మనండి.