మదరాసు వైద్య కళాశాలలో మనకూ వాటా ఉన్నదా?

పెరంబూరు తెలుగు:
మొన్న మన సంఘం సమావేశంలో ఒక పెద్దమనిషి "చెన్నై ఆస్పత్రులు, వైద్య కళాశాలలు తమిళులవి, మనం అతిథులం" అన్నారు. నేను ఒప్పుకోను. 1835లో మొదలైన మదరాసు వైద్య కళాశాల గంజాం నుంచి తిరునెల్వేలి దాకా అన్ని జిల్లాల పన్నులతో నడిచింది. 1923లో విశాఖపట్నంలో కళాశాల వచ్చేదాకా మన జిల్లాల పిల్లలకు డాక్టరీ డిగ్రీకి మదరాసే దిక్కు. యల్లాప్రగడ సుబ్బారావు గారు ఎం.బి.బి.ఎస్. చదివినది ఇక్కడే.

పాత పెన్షనరు:
సవరణ. సుబ్బారావు గారికి దక్కినది ఎం.బి.బి.ఎస్. కన్నా తక్కువ స్థాయి పట్టా అయిన ఎల్.ఎం.ఎస్. మాత్రమే. ఖద్దరు ధరించినందుకు శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డుకు కోపం వచ్చింది.

పెరంబూరు తెలుగు:
నేను "చదివినది" అన్నాను, "పొందినది" అనలేదు.

పాత పెన్షనరు:
చదువరి ఏమనుకుంటాడో అది ముఖ్యం.

సూళ్లూరుపేట లోకల్:
పట్టాల సంగతి మీరు తేల్చుకోండి. తెల్లవారుజాము బండిలో ఎక్స్‌రే కవరు మడత పడకుండా ఒళ్లో పెట్టుకొని కూర్చొనేవాళ్లను నేను రోజూ చూస్తాను. సెంట్రల్‌లో దిగి ఎదురుగా ఉన్న జనరల్ ఆస్పత్రికి నడిచిపోతారు.

పాత పెన్షనరు:
వాళ్లను ఎవరూ ఆపటం లేదు కదా. సీట్ల మాటకొస్తే, తలుపు ముందు మూసుకున్నది మనమే. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో ఆంధ్రప్రదేశ్ తన కళాశాలల్లో 85 శాతం సీట్లను స్థానికులకే ఉంచుకున్నది. 1980ల్లో సుప్రీంకోర్టు తీర్పుల వల్ల తక్కిన రాష్ట్రాలు దాదాపు అన్నీ 15 శాతం ఎం.బి.బి.ఎస్. సీట్లను ఏ రాష్ట్రంవారైనా పోటీపడగల అఖిల భారత కోటాకు వదులుకుంటే, మనవాళ్లు మూడు దశాబ్దాలు అందులో చేరనే లేదు. ఇప్పుడు పక్కింటివాడిని వాటా అడగటానికి మనకు మొహమెక్కడిది?

పెరంబూరు తెలుగు:
ఆ ఉత్తర్వు నేను రాయలేదు, కానీ దెబ్బ తిన్నది నా కూతురు. ఇక్కడే పుట్టి, పదో తరగతి దాకా ఇక్కడే చదివి, ఇంటర్ విజయవాడ హాస్టలులో చదివింది. నాలుగేళ్ల చదువు లేదు కాబట్టి అక్కడ నాన్‌లోకల్. ఇక్కడ నేటివిటీ సర్టిఫికెట్ కోసం వెళ్తే, గుమస్తా నా పుట్టినూరు "ఒంగోలు" అన్న మాట కింద పెన్సిలుతో గీత గీసి రెండు వారాలు తిప్పించాడు. కాగితం చేతికి వచ్చేసరికి గడువు దాటింది. ఇక మీరు నాకు మొహం గురించి చెప్పకండి!

పాత పెన్షనరు:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత వాదించేవాడిని కాను. ఆ అమ్మాయికి అన్యాయమే జరిగింది. అయితే ఆమె హక్కు ఇక్కడ పుట్టి పెరిగినందువల్ల వచ్చినది, గంజాం పన్నుల వల్ల కాదు. "మదరాసు మనదే" అని అరిచినవారిలో మా నాన్నగారూ ఉన్నారు. 1953లో నగరం మనకు రాలేదు, అయినా ఆయన ఇక్కడే ఉండిపోయారు. నాకు తెలిసినంతవరకు మేము వారసులమూ కాదు, అతిథులమూ కాదు, ఈ ఊరివాళ్లం. మీరు వాటా అన్నప్పుడల్లా ఆ గుమస్తా గీసిన గీత మీద మీరే మళ్లీ గీస్తున్నారు.

సూళ్లూరుపేట లోకల్:
మరి మా బండిలో వచ్చేవాళ్లు ఇక్కడ పుట్టలేదే? 2019 నవంబరులో ఆరోగ్యశ్రీని చెన్నైకి విస్తరించినప్పటి నుంచి వాళ్లు అడిగేది ఒక్కటే, ఆ కార్డు ఏ ఆస్పత్రిలో చెల్లుతుందని.

పెరంబూరు తెలుగు:
పెన్షనరు గారూ, తక్కినదానికి రేపు జవాబు రాస్తాను. "చదివినది" మాత్రం సరైన మాటే.