డిసర్టేషన్‌లో ‘ర్యాండమ్ శాంప్లింగ్’ అని రాస్తే గైడ్ కొట్టేసినారు, సాయం చెయ్యండి

బాలాజీకాలనీ_పిల్ల:
అందరికీ నమస్తే. నేను తిరుపతిలో ఎమ్మెస్సీ సైకాలజీ ఫైనలియర్. నా టాపిక్ నీట్, ఈఏపీసెట్ కోచింగ్ హాస్టళ్ళలో ఉండే పిల్లల స్ట్రెస్. పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్ ఉంది కదా, 10 ప్రశ్నలది, దాన్ని గూగుల్ ఫామ్‌లో పెట్టి తెలిసిన వాట్సాప్ గ్రూపులన్నిట్లో వేసినా, మా తమ్ముడు వాళ్ళ ఫ్రెండ్స్‌కి పంపితే వాళ్ళు ఇంకొందరికి పంపినారు, వారంలో 212 మంది నింపినారు. ఎవురొస్తే వాళ్ళనే తీసుకున్నా, నేనేమీ ఏరుకోలేదు కాబట్టి ర్యాండమ్ అని రాసినా. మా గైడ్ ఆ మాట మీద ఎర్ర పెన్నుతో గీత కొట్టి పక్కన ‘ఎట్లా?’ అని రాసిచ్చినారు, అంతే. సీనియర్ అక్క ఏమో 384 చేసెయ్, ఎవురూ అడగరు అంటా ఉంది. ఇంకో 172 మందిని పట్టుకుంటే సరిపోతుందా? సబ్మిషన్‌కి రెండు నెల్లే ఉంది, రాత్రిళ్ళు నిద్ర పట్టడం లే.

చిత్తూరు_లెక్కలక్క:
ముందు కంగారు పడొద్దమ్మా, టైం ఉంది. ఎవురొస్తే వాళ్ళు అనేది ర్యాండమ్ కాదు. ర్యాండమ్ అంటే నువ్వు ఎవుర్ని గురించి చెప్పాలనుకుంటా ఉండావో వాళ్ళందరి లిస్టు నీ చేతిలో ఉండాల, దాన్నే శాంప్లింగ్ ఫ్రేమ్ అంటారు, అందులో ప్రతి ఒక్కరికీ ఎంపికయ్యే చాన్స్ ఎంతో తెలిసుండాల, ఎంచేది చీటీ గానీ కంప్యూటర్ గానీ అయ్యుండాల. నీకు లిస్టే లేదు. నువ్వు చేసింది కన్వీనియెన్స్ శాంప్లింగ్, అంటే చేతికి అందినోళ్ళని తీసుకోవడం, ఫ్రెండ్స్ వాళ్ళ ఫ్రెండ్స్‌కి పంపిన కాడికి స్నోబాల్.

ఇంకో సంగతి ఆలోచించు. కోచింగ్ హాస్టళ్ళలో పిల్లల దగ్గర ఫోన్ ఉండనిస్తారా? చానా చోట్ల ఉండనీరు. ఆదివారం అమ్మానాన్నా క్యారియర్ తీసుకుని వస్తే గేటు కాడ చెట్టు కింద కూర్చుని పెరుగన్నం తింటా అమ్మ ఫోన్ పది నిమిషాలు చూసుకుంటారు, ఆ పది నిమిషాల్లో నీ ఫామ్ నింపుతారా? అంటే నీ 212లో ఎక్కువమంది ఇంటి నుంచి పోయొచ్చే పిల్లలు అయ్యుండొచ్చు. నువ్వు ఎవురి కష్టం కొలవాలనుకున్నావో వాళ్ళ దాకా ఫామ్ పోనేలేదు. దీంట్లో ఇంకో 172 మందిని కలిపితే అదే తప్పు పెద్దదవుతుంది, అంతే.

1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక ప్రెసిడెంట్ ఎన్నికల మీద దాదాపు కోటి మందికి కార్డులు పంపింది, 20 లక్షలకి పైనే తిరిగొచ్చినాయి, లాండన్ అనే అభ్యర్థి గెలుస్తాడని రాసినారు. ఆయన మీద నిలబడిన రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచినాడు. వాళ్ళు అడ్రసులు తీసింది టెలిఫోన్ డైరెక్టరీలు, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి, ఆ రోజుల్లో అవి ఉండేది డబ్బున్నోళ్ళ దగ్గర, పైగా కార్డు తిరిగి పంపినోళ్ళు కొందరే. అంత పెద్ద శాంపిలే నిలబడలేదు. 384 అనేది పాపులేషన్, అంటే నువ్వు ఎవురి గురించి చెప్తావో ఆ మొత్తం గుంపు, చానా పెద్దదైనప్పుడు, సింపుల్ ర్యాండమ్‌గా తీస్తే, 95 శాతం కాన్ఫిడెన్స్‌తో 5 శాతం అటూ ఇటూ తేడాకి వచ్చే లెక్క. ర్యాండమే లేనప్పుడు దానికి అర్థం లేదు.

అలిపిరి_నడక:
అక్క చెప్పింది కరెక్ట్. నేను ఒకప్పుడు అలిపిరి మెట్ల కాడ సర్వే చేసినా, ప్రతి 20వ మనిషిని అడగాల, సిస్టమాటిక్ శాంప్లింగ్ అన్నమాట. 20వ మనిషి ఒక పెద్దావిడ, ఒక్కో మెట్టుకీ పసుపు రాసి కుంకుం పెడతా వంగి లేస్తా ఉంది, ఆమెని ఆపడానికి మనసు రాక పక్కన సోడా తాగతా కూర్చున్న కుర్రోడిని అడిగేసినా. అట్ల రెండు రోజులు చేసి షీట్లు తిరగేస్తే సగానికి పైన కుర్రోళ్ళే! పద్ధతి కాయితం మీద కరెక్టే, నా చెయ్యి అడ్డదారి పట్టింది. ఆ షీట్లన్నీ పక్కన పడేసి మళ్ళీ మొదలుపెట్టినా, ఆపినోళ్ళు రామంటే ‘రాలేదు’ అని రాసుకున్నా గానీ వేరేవాళ్ళని పెట్టలా.

నీకైతే క్లస్టర్ పద్ధతి బాగుంటాది, అంటే ముందు గుంపుల్ని (ఇక్కడ హాస్టళ్ళని) ఎంచి, తర్వాత వాటిలోంచి పిల్లల్ని తియ్యడం. హాస్టళ్ళ లిస్టు తయారు చేసుకో, చీటీలేసి కొన్నిట్ని తియ్యి. ఒక హాస్టల్ పిల్లలంతా ఒకే మెస్‌లో తిని ఒకే టెస్టులు రాస్తారు కాబట్టి ఒకరి మాదిరే ఇంకొకరు ఉంటారు, అందుకని నాలుగు హాస్టళ్ళలో 50 మంది చొప్పున తీసేదానికన్నా 20 హాస్టళ్ళలో 10 మంది చొప్పున తియ్యడం మేలు. 600 మంది ఉండే హాస్టల్, 40 మంది ఉండే హాస్టల్ రెండూ ఒకటి కాదు, ఆ తేడా లెక్కలోకి ఎట్ల తెచ్చినావో కూడా రాయాల. పిల్లల్లో చానామంది 18 లోపు కాబట్టి తల్లిదండ్రుల ఒప్పుదల, ఎథిక్స్ కమిటీ పర్మిషన్ ముందే చూసుకో, పిల్లల ఇష్టం కూడా అడగాల.

పాకాల_మాజీవార్డెన్:
ఒక్క మాట చెప్తా తల్లీ. ‘పది మందిని పంపించండి సార్’ అని మాత్రం అడగొద్దు. అడిగితే మేము బాగా మాట్లాడేవాళ్ళని, మార్కులొచ్చేవాళ్ళని పంపిస్తాం, హాస్టల్ పేరు పోకూడదని. అటెండెన్స్ రిజిస్టర్ అడిగి నంబర్లు నువ్వే తియ్యి. చానా చోట్ల సెక్షన్లు ర్యాంకుల్ని బట్టి చేస్తారు, కాబట్టి ప్రతి సెక్షన్‌లోంచీ విడిగా తియ్యి. నువ్వు తీసిన నంబరు పిల్లోడు ఆ రోజు సిక్ రూంలో ఉన్నాడనో ఇంటికి పొయ్యినాడనో చెప్తారు, ఇంకోడిని పంపిస్తాం అంటారు. ఒప్పుకోవద్దు, ఇంకోసారి పో. నేనుండిన హాస్టల్లో సిక్ రూంలో పడుకున్నోళ్ళల్లో జొరం లేనోళ్ళే ఎక్కువ.

బాలాజీకాలనీ_పిల్ల:
ఆ చివరి లైను చదివి చానాసేపు అట్లే కూర్చుండిపోయినా సార్. 212ని పైలట్ స్టడీ, అంటే అసలు స్టడీకి ముందు చేసిన ట్రయల్, అని రాసి కన్వీనియెన్స్ అనే పెడతా. రేపు గైడ్‌ని కలిసి హాస్టళ్ళ లిస్టు మొదలుపెడతా. రిజిస్టర్ ఇవ్వము అంటే ఎట్ల అడగాల సార్, పర్మిషన్ లెటర్‌లో ఏం రాస్తే మీ మాదిరి వార్డెన్లు ఒప్పుకుంటారు?