అప్‌డేట్: నవలతో బానిసత్వం పాఠం

ఒంగోలు పక్క హైస్కూల్లో తొమ్మిదో తరగతికి అమెరికా స్వాతంత్ర్య యుద్ధాన్ని, బానిసత్వాన్ని ఒక కిశోర నవలతో ఎలా చెప్పాలని అడిగాను కదా. మీ సలహాలన్నీ కలిపితే కుదిరిన పద్ధతి ఇదండీ.

నవల తెరవకముందే ఒక పీరియడ్ కాలరేఖకు ఇవ్వాలి. తిరుగుబాటుదారుల బానిసలు బ్రిటిష్ సైన్యంలో చేరితే విడుదల అని 1775లో బ్రిటిష్ వలస ప్రాంతమైన వర్జీనియా గవర్నర్ డన్మోర్ ప్రకటించాడు. బ్రిటిష్ రాజుకు విధేయులైనవారి బానిసలకు అది వర్తించలేదు. ఇది ముందే చెప్పకపోతే కథలోని బానిస పిల్ల బ్రిటిష్ వాళ్లమీద ఎందుకు ఆశ పెట్టుకుందో పిల్లలకు అంతుపట్టదు. 1928లో మద్రాసులో తుపాకులకు రొమ్ము చూపిన ప్రకాశం పంతులుగారి జిల్లా మనది, వాళ్లకు తెల్లదొర అంటే శత్రువే!

నోట్‌బుక్‌లో రెండు గడులు: రికార్డుల్లో ఉన్నది, రచయిత కల్పించింది. లేకపోతే నాయికకు పుట్టిన తేదీ కూడా పరీక్షలో రాసేస్తారు. 1783లో న్యూయార్క్ వదిలి ఓడలెక్కిన సుమారు 3,000 మంది నల్లవారి పేర్లు, వయసు, పాత యజమాని ఎవరన్నదీ బ్రిటిష్ అధికారులు పుస్తకంలో రాసుకున్నారు. అందులోంచి నాలుగు వరుసలు బోర్డుమీద రాస్తే చాలు, గది నిశ్శబ్దమవుతుంది.

బానిసల వేలంపాట నాటకం మాత్రం వేయించకండి. అది నవ్వులాట అవుతుంది, వెట్టి చేసిన ఇళ్ల పిల్లలూ ఆ బెంచీల్లోనే ఉంటారు. బదులుగా, విడుదల కోరుతూ శాసనసభకు అర్జీ రాయించండి. 1777లో మసాచుసెట్స్‌లో నల్లవారు నిజంగానే అలా రాశారు.