ఇటలీ చీజ్‌కి హలాల్ సర్టిఫికెట్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

ఇటలీ నుంచి శంషాబాద్‌కి విమానంలో మోజరెల్లా, మస్కర్‌పోనే తెప్పిస్తున్నాం. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) క్లియరెన్స్ వచ్చింది, ఆకుపచ్చ చుక్కా ఉంది, అయినా టోలిచౌకి షాపులవాళ్లు ప్యాకెట్ తిప్పి ‘రెన్నెట్’ అన్న చోట వేలు పెట్టి హలాల్ సర్టిఫికెట్ ఏదంటున్నారు (అడగడంలో తప్పులేదు, పాలను గడ్డకట్టించే ఈ రెన్నెట్‌ని దూడ పొట్ట నుంచి కూడా తీస్తారు కదా). మైక్రోబియల్ (సూక్ష్మజీవుల నుంచి తీసిన) రెన్నెట్టే వాడామని తయారీదారు ఇచ్చిన లెటర్ చూపించా, ఒప్పుకోలేదు. మస్కర్‌పోనేని సిట్రిక్ యాసిడ్‌తో గడ్డకట్టిస్తారు, అందులో రెన్నెట్టే ఉండదన్నా వినరు. హలాల్ సర్టిఫికెట్ కోసం ఫ్యాక్టరీ మొత్తానికి ఆడిట్ చేయించడం తన వల్ల కాదంటున్నాడు తయారీదారు. మోజరెల్లాకి గడువు తక్కువ, 4 డిగ్రీల కోల్డ్ రూమ్‌లో సరుకు కదలకుండా కూర్చుంది, ఒకటే టెన్షన్. ఈ రెండు రకాలకి మాత్రమే సర్టిఫికెట్ తీసుకుంటే ఇక్కడి షాపులు ఒప్పుకుంటాయా?